మీ కుక్క నడక మారిందా? గమనించవలసిన గుర్తులు, ఫిజియోథెరపీ

పెంపుడు కుక్క ఉన్న ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉన్నది: “అరవడం లేదు కదా, నొప్పేమీ ఉండదులే.” కుక్క ఒక కాలిని కాస్త ఈడుస్తున్నదని, మెట్లెక్కడానికి వెనుకాడుతున్నదని ఇంటివారు చూస్తూనే ఉంటారు, అయినా ఈ ఒక్క మాటతో విషయాన్ని పక్కన పెడతారు. నెలలు గడిచి, ఒకనాటి ఉదయం అది పడక మీది నుంచి లేవలేకపోయినప్పుడు పశువైద్యశాలకు పరుగు తీస్తారు. అప్పటికి తొడ కండరం కరిగిపోయి, కీలు బిగుసుకొని ఉంటుంది. తొలి వారాల్లో సులువుగా సరిదిద్దగలిగిన దానికి ఇప్పుడు నెలల తరబడి శ్రమ పడవలసి వస్తుంది. కొన్ని ఇళ్లలో ఆ శ్రమకు సిద్ధపడక కుక్కను వీధిలో వదిలివేయడం కూడా జరుగుతున్నది. బాధ కలిగే పరిస్థితిలో పెంపుడు జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం.

తోక మీద కాలు పడితే కుక్క వెంటనే కీచుమంటుంది. కాని కీలులో రోజుల తరబడి సలిపే నొప్పికి అది సాధారణంగా అరవదు. నొప్పి ఉన్న కాలి మీది బరువును తక్కిన మూడు కాళ్ల మీదికి మార్చుకొని తన పని తాను చేసుకుపోతుంది. దీనిని దాచుకోవడం అనడం కంటె సర్దుకోవడం అనడమే సబబు. ఆ సర్దుబాటులోనే ప్రమాదం ఉన్నది. వాడని కాలి కండరం క్షీణిస్తుంది. కండరం క్షీణిస్తే కీలుకు ఆసరా తగ్గుతుంది. ఆసరా తగ్గిన కీలు మరింత నొప్పి పెడుతుంది. నొప్పి పెరిగితే కుక్క ఆ కాలిని ఇంకా తక్కువగా వాడుతుంది. ఫిజియోథెరపీ చేసే పని ఈ చక్రాన్ని తెంచడమే. అయితే చక్రం మొదలైనదని ముందుగా కనిపెట్టవలసినది డాక్టరు కాదు, ఇంటివారే. డాక్టరు కుక్కను చూసేది పది నిమిషాలు. నున్నని నేల మీద, తెలియని వాసనల మధ్య, భయంతో బిగుసుకున్న కుక్క అక్కడ కుంటకుండానే నడిచిపోవచ్చు.

మామూలు నడక ఎట్లా ఉంటుంది?

తేడా తెలియాలంటే సహజమైన నడక తెలిసి ఉండాలి. నిలుచున్న కుక్క శరీరపు బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనుక కాళ్ల మీద ఉంటుంది. తల, మెడ, రొమ్ము ముందు వైపున ఉండడమే దీనికి కారణం. నెమ్మదిగా నడిచేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకదాని తరువాత ఒకటి నేలను తాకుతాయి: ఎడమ వెనుక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు, కుడి ముందు కాలు. చెవి పెట్టి వింటే గోళ్ల చప్పుడు నాలుగు దెబ్బల తాళంలా సమంగా వినిపిస్తుంది. కాస్త వేగం పెంచి చిన్న పరుగు అందుకుంటే ఎదురుమూలల కాళ్లు జతగా పడతాయి. అప్పుడు తాళం రెండు దెబ్బలది. డాక్టర్లు కుంటును కనిపెట్టడానికి ఎక్కువగా ఈ చిన్న పరుగునే చూస్తారు. ప్రతి అడుగులోనూ ముందు వైపు బరువంతా ఒకే ముందు కాలు, వెనుక వైపు బరువంతా ఒకే వెనుక కాలు మోయవలసి వస్తుంది కనుక బలహీనమైన కాలికి తప్పించుకొనే దారి ఉండదు.

ఒకే పక్కనున్న రెండు కాళ్లనూ కలిపి వేసి, పడవలా ఊగుతూ నడిచే కుక్కలు కొన్ని ఉన్నాయి. కొన్నింటికి అది పుట్టుకతో వచ్చిన అలవాటు. మునుపు అట్లా నడవని కుక్క కొత్తగా ఆ నడక పట్టిందంటే అలసటో, అధిక బరువో, నడుము నొప్పో ఉన్నదేమో చూపించుకోవాలి.

జాతిని బట్టి కూడా నడక మారుతుంది. తమిళనాట విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం పేరు మోసిన తెల్లని వేటకుక్కను చాలామంది ఎరుగుదురు. విజయనగర కాలం నుంచి దక్షిణానికి తరలివచ్చిన తెలుగు రాజుల కుటుంబాలు నేటికీ తెలుగు మాట్లాడుతూ స్థిరపడి ఉన్న ఊరు అది. 2005 జనవరిలో భారత తపాలా శాఖ మన దేశపు కుక్క జాతుల మీద వెలువరించిన నాలుగు బిళ్లలలో రాజపాళయం ఒకటి. పొడవైన కాళ్లు, లోతైన రొమ్ము, సన్నని నడుము గల ఈ కుక్క అడుగు సహజంగానే సాగి పడుతుంది. గున్నగా ఉండే పగ్ నడక దొర్లినట్లు ఉంటుంది. వీధి నుంచి తెచ్చుకొన్న నాటు కుక్క నడక ఈ రెండింటికీ నడుమన, తేలికగా, పొదుపుగా సాగుతుంది. కాబట్టి పొరుగింటి కుక్కతో పోల్చడం వలన ప్రయోజనం లేదు. పోల్చవలసినది మీ కుక్క నేటి నడకను దాని నిరుటి నడకతోనే. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఒకసారి వీడియో తీసి దాచుకోవడం మంచిదని చెప్పడం ఇందుకే.

చూడవలసిన పద్ధతి

తెల్లవారుజామున ఎండ ఎక్కక ముందు, చదునైన, గరుకైన నేల మీద చూడాలి. అపార్ట్‌మెంటు చుట్టూ ఉన్న సిమెంటు దారి గాని, మేడ మీది నేల గాని చాలు. ఇంటిలోని నున్నని టైల్సు మీద ఏ కుక్కయినా జాగ్రత్తగా, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంది. అది కొలతకు పనికిరాదు. ఒకరు పట్టీని వదులుగా పట్టుకొని నేరుగా ముందుకు నడవాలి. పట్టీ బిగిస్తే తల కదలిక అణగిపోతుంది, చూడవలసినదంతా ఆ తల కదలికలోనే ఉంటుంది. మరొకరు ముందు నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి, పక్క నుంచి రెండుసార్లు ఫోనులో వీడియో తీయాలి. ఫోనును కుక్క ఎత్తుకు దించి పట్టుకోవాలి.

కంటికి ఇది సులువుగా అందదు. పరుగెత్తే జంతువు కాళ్లు ఏ వరుసలో పడతాయన్నది మనుషులు వేల ఏళ్లు చూసి కూడా తేల్చుకోలేకపోయారు. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాచిత్రకారుడు కెమెరాలను వరుసగా నిలిపి, 1878లో గుర్రపు పరుగును ముక్కలు ముక్కలుగా పట్టి చూపించిన తరువాతనే విషయం తేలింది. 1887లో ఆయన వెలువరించిన 781 పలకల సంపుటిలో కుక్కల పరుగులు కూడా ఉన్నాయి. ఆయనకు అన్ని కెమెరాలు కావలసి వచ్చిన పనిని నేడు మన ఫోనులోని స్లో మోషన్ చేసిపెడుతున్నది.

వీడియోలో ముందుగా తలను చూడండి. ముందు కాలిలో నొప్పి ఉంటే, ఆ కాలు నేలను తాకిన క్షణంలో కుక్క తలను పైకి ఎత్తుతుంది. బాగున్న కాలు తాకినప్పుడు తల కిందికి దిగుతుంది. తలను ఎత్తడం ద్వారా అది నొప్పి కాలి మీది బరువును లాగివేసుకుంటున్నది. తల దిగినప్పుడు నేల మీద ఉన్నది మంచి కాలు అని గుర్తు పెట్టుకుంటే పొరపడరు. చాలామంది దీనిని తలకిందులుగా అర్థం చేసుకొని, బాగున్న కాలిని చూపించి డాక్టరు దగ్గర వాదిస్తారు.

వెనుక కాలి సంగతి వెనుక నుంచి చూస్తేనే తెలుస్తుంది. తోక మొదట్లో రెండు వైపులా ఉన్న తుంటి ఎముకలను గమనించాలి. నొప్పి ఉన్న వైపు తుంటి, ఆ కాలు మోపినప్పుడు రెండవ దాని కంటె ఎక్కువగా పైకి లేస్తుంది. నొప్పి కాలు త్వరత్వరగా నేలను వదిలిపోతుంది, దాని అడుగు పొట్టిగా పడుతుంది. వెనుక కాలి నొప్పి తీవ్రమైతే బరువును ముందుకు తోయడానికి కుక్క తలను వంచుతుంది. అందువలన అది ముందు కాలి కుంటులా భ్రమ కలిగించవచ్చు. తేల్చుకోలేకపోతే తేల్చుకోవలసిన అవసరం మీకు లేదు. వీడియో చూపించడమే మీ వంతు.

అన్నిటికంటె సులువుగా తప్పిపోయేది రెండు కాళ్లలోనూ సమానంగా ఉన్న నొప్పి. రెండు తుంట్లూ, లేక రెండు మోకాళ్లూ చెడినప్పుడు కుంటు కనిపించదు, ఎందుకంటే బరువు మార్చుకోవడానికి మంచి కాలంటూ లేదు. అటువంటి కుక్క అడుగులు పొట్టిగా పడతాయి. పరుగెత్తేటప్పుడు వెనుక కాళ్లు రెండింటినీ కలిపి కుందేలులా గెంతుతుంది. వీపు విల్లులా వంగుతుంది. ఇంటివారు “ముసలిదైపోయింది, బద్ధకించింది” అని సరిపెట్టుకుంటారు. ముసలితనం ఒక వ్యాధి కాదు. దాని చాటున దాక్కొనే కీళ్లవాతానికి చికిత్స ఉన్నది.

చూపుతో పాటు చేతులకూ పని చెప్పాలి. కుక్క నిలబడి ఉండగా వెనుక కూర్చొని రెండు తొడలనూ రెండు అరచేతులతో ఒకేసారి పట్టుకోండి. ఒకటి పలుచబడి ఉంటే ఆ కాలిని అది వారాలుగా తప్పిస్తున్నదన్నమాట. గోళ్లను చూడండి: ఒక కాలి గోళ్లు మాత్రమే పైభాగాన అరిగి ఉంటే ఆ పాదం నేలను రాసుకుంటున్నది, ఇది నరాల బలహీనతకు గుర్తు కావచ్చు. పాదాలను తడిపి పొడి సిమెంటు నేల మీద నడిపిస్తే అచ్చులు పడతాయి. నాలుగు అచ్చులూ ఒకే తీరుగా ఉన్నాయా, ఏదైనా పాదం గీత గీసినట్లు ఈడ్చుకొని పోయిందా అన్నది పిల్లలు సైతం చెప్పగలరు.

నడకలో కనబడనిది ఇంటి అలవాట్లలో కనబడుతుంది. రోజూ స్కూటరు ముందు ఎగిరి నిలబడే కుక్క ఎత్తమని చూస్తుంది. మెట్ల దగ్గర ఒక క్షణం ఆగుతుంది. కూర్చునేటప్పుడు ఒక కాలిని మడవక పక్కకు చాపుతుంది. నిద్ర లేవగానే బిగుసుకున్నట్లు నడిచి, పది అడుగులు వేశాక సర్దుకుంటుంది. ఒకే కీలును పదేపదే నాకుతుంది. ఎన్నడూ లేనిది, నడుము మీద చేయి వేస్తే పిల్లల మీద గుర్రుమంటుంది. దానిని కోపమని దండించడం అన్యాయం.

కుంటుకు కారణాలు

మొదట పాదం చూడాలి. గాజు పెంకు, ముల్లు, వేళ్ల సందున దూరిన పిడుదు, రోడ్డు తారు అంటుకొని గడ్డకట్టిన వెంట్రుకలు, వంకరగా పెరిగి లోపలికి గుచ్చుకొన్న గోరు, వీటిలో ఏదో ఒకటి కారణమైతే పని తేలిక. మే నెల అగ్ని నక్షత్రం రోజుల్లో మధ్యాహ్నపు తారు రోడ్డు మీద నడిపిస్తే పాదాల మెత్తలు కాలి బొబ్బలెక్కుతాయి. మీ అరచేతి వెనుక భాగాన్ని నేల మీద ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ నేల కుక్కకూ తగదు.

పాదం శుభ్రంగా ఉంటే వయసును, జాతిని బట్టి ఆలోచించాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు వదులుగా ఏర్పడే వంశపారంపర్య దోషం ఉన్నది. నాలుగైదు నెలల పిల్లలోనే నడుము ఊపుతూ నడవడం మొదలవుతుంది. పామెరేనియన్, పగ్ వంటి చిన్న జాతుల్లో మోకాటి చిప్ప పక్కకు జారుతుంది: నడుస్తూ నడుస్తూ ఒక వెనుక కాలిని ఎత్తి రెండు మూడు అడుగులు గెంతి, ఏమీ జరగనట్లు మళ్లీ నడిచిపోతుంది. ఇంటివారికి అది ముద్దుగా తోస్తుంది. నడి వయసులో, ముఖ్యంగా బరువు పెరిగిన కుక్కలో, మోకాటి లోపలి స్నాయువు తెగడం సర్వసాధారణం. ఒక మోకాలు పోయిన కుక్కల్లో చాలావాటికి రెండవది కూడా కాలక్రమాన తెగుతుంది. డాక్స్‌హుండ్ వంటి పొడవు నడుము కుక్కకు వెన్నుపూసల మధ్య మెత్త జారి నరాన్ని నొక్కుతుంది.

చెన్నై ఉక్కపోతలో పిడుదులకు సెలవు కాలం లేదు. ఏడాది పొడుగునా అవి ఉంటాయి. వాటి కాటు వలన సోకే జ్వరాల్లో కీళ్లు వాచి, నేడు ఒక కాలు, ఎల్లుండి మరొక కాలు కుంటుతుంది. ఇది ఎముకల జబ్బని కాల్షియం పోస్తూ కూర్చుంటే రక్తం పలుచబడి ప్రాణం మీదికి వస్తుంది. టీకాలు వేయని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి తగ్గిన తరువాత కాళ్లు, దవడ లయబద్ధంగా అదురుతూ ఉండిపోవచ్చు. ఏ కీలుకు ఎంత మర్దన చేసినా ఆ అదురు పోదు. దానికి వైద్యం వేరు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

నిన్న నడిచిన కుక్క నేడు వెనుక కాళ్లు ఈడుస్తుంటే, మూత్రం తన అదుపులో లేకపోతే, అది గంటల లెక్కన వైద్యం చేయవలసిన స్థితి. వాహనం తగిలిన కుక్కను చేతులతో మోయకూడదు. వెన్ను విరిగి ఉండవచ్చు. పలక మీదికో, గట్టి అట్టముక్క మీదికో, అవేవీ లేకపోతే నలుగురు బిగించి పట్టిన దుప్పటి మీదికో నెమ్మదిగా జరిపి తీసుకుపోవాలి. ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో కరుస్తుంది, మెత్తని గుడ్డతో మూతిని వదులుగా కట్టడం ఉభయులకూ క్షేమం. ఊపిరాడక రొప్పుతుంటే మాత్రం కట్టరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. రేబిస్ అంటే పిచ్చెక్కి వెంటపడి కరిచేదే అని చాలామంది అనుకుంటారు. దానికి మరొక రూపం ఉన్నది: కుక్క మందంగా, మూలన పడి ఉంటుంది, వెనుక కాళ్లు తడబడతాయి, దవడ వేలాడి చొంగ కారుతుంది, మింగలేకపోతుంది. గొంతులో ఎముక ఇరుక్కున్నదని జాలిపడి నోటిలో చేయి పెట్టేవారు ప్రమాదంలో పడతారు. టీకా చరిత్ర తెలియని కుక్క ఇట్లా కనిపిస్తే తాకకూడదు, నడకను పరీక్షించకూడదు. పిల్లలను దూరంగా ఉంచి కార్పొరేషన్ 1913 నంబరుకు తెలియజేయాలి. కరిచినా, గీరినా, గాయానికి చొంగ తగిలినా వెంటనే సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. గాయం చిన్నది కదా అని మరునాటికి వాయిదా వేయరాదు. లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్‌కు దాదాపు ఏ చికిత్సా పనిచేయదు.

మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు ఇవ్వకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి రక్తస్రావం కలిగిస్తాయి, మూత్రపిండాలను చెడగొడతాయి. మన తలనొప్పి బామ్‌లు కూడా పూయకూడదు. కుక్క వాటిని నాకి మింగుతుంది.

ఫిజియోథెరపీ అంటే ఏమిటి?

మనుషులకు ఎముక విరిగినప్పుడు కట్టు విప్పిన తరువాత వ్యాయామం చేయించడం అందరూ ఎరిగినదే. కుక్కకు చేసేదీ అదే, కాని ఒక తేడా ఉన్నది: “కాలు చాపు, పది లెక్కపెట్టు” అని దానికి చెప్పలేము. కాబట్టి వ్యాయామాన్ని నడకలో, ఆటలో, తిండిలో కలిపి పెట్టాలి. రోగ నిర్ధారణ మాత్రం భారత పశువైద్య మండలి చట్టం, 1984 కింద నమోదైన పశువైద్యుడే చేయాలి. విరిగిన ఎముకకు మర్దన చేస్తే కలిగేది మేలు కాదు. శస్త్రచికిత్స అవసరమా, మందులు చాలునా, ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఎక్స్-రే చూసిన తరువాతి మాట.

డాక్టరు అనుమతించాక ఇంట్లో చేయదగినవి చాలానే ఉన్నాయి. దెబ్బ తగిలిన, లేక ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన మంచు కాపడం 10 నిమిషాలు పెడితే వాపు తగ్గుతుంది. పాత కీళ్లవాతానికి దీనికి భిన్నంగా వ్యాయామానికి ముందు వెచ్చని తడిగుడ్డ పెట్టాలి. దాని వేడిని ముందు మీ మణికట్టు మీద చూసుకోవాలి. వాచి కాగుతున్న కీలుకు వేడి పెట్టరాదు.

బిగిసిన కీలును వంచి చాపడం రెండవది. కుక్కను చాప మీద, నొప్పి కాలు పైకి వచ్చేటట్లు పక్కకు పడుకోబెట్టాలి. కీలుకు పైన ఒక చేయి, కింద ఒక చేయి ఆనించి, సైకిలు తొక్కుతున్నట్లు నెమ్మదిగా వంచి చాపాలి, ఒక విడతకు 10 నుంచి 15 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. కుక్క తల తిప్పి మీ చేతిని చూసినా, పెదవులు నాకినా, కండరం బిగించినా అక్కడ ఆగాలి. మునుపటి దాకా చెప్పిన గమనింపు ఇప్పుడు మీ వేళ్లలోకి రావాలి. బలవంతంగా ఒక అంగుళం ఎక్కువ వంచితే మరునాడు అది చాపను చూడగానే పారిపోతుంది, అంతటితో వైద్యం ఆగిపోతుంది.

కండరం పెంచడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కూర్చొని లేవడం చాలా మంచి వ్యాయామం: గోడ మూలన నిలిపి, చేతిలో చిన్న ముక్క చూపి, ఐదుసార్లు కూర్చోబెట్టి లేపండి. కాళ్లు పక్కకు చాపకుండా గోడ కాపాడుతుంది. చీపురు కర్రలను కుక్క నిడివి అంత ఎడంతో నేల మీద పరిచి వాటి మీదుగా నడిపిస్తే, అది ప్రతి కాలినీ ఎత్తి, ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెడుతుంది. నరాల జబ్బు నుంచి కోలుకుంటున్న కుక్కకు ఇది ఎంతో ఉపకరిస్తుంది. అపార్ట్‌మెంటులో కారు పార్కింగుకు దిగే వాలు ఉంటే, వాహనాలు లేని వేళ దాని మీద నెమ్మదిగా పైకి నడిపించడం వెనుక కాళ్లకు బలం. ‘నెమ్మదిగా’ అన్నది ఇక్కడ ముఖ్యం. వేగంగా నడిపిస్తే కుక్క నొప్పి కాలిని ఎత్తుకొని మూడు కాళ్ల మీద గెంతుతూ వచ్చేస్తుంది; నెమ్మదిగా నడిపిస్తేనే నాలుగూ మోపక తప్పదు. వారమంతా కదలకుండా ఉంచి ఆదివారం గంటసేపు పరుగెత్తించడం కంటె రోజూ మూడుసార్లు పది నిమిషాలు నడిపించడం మేలు.

నీటి అడుగున తిరిగే ట్రెడ్‌మిల్ గురించి కొందరు విని ఉంటారు. గాజు తొట్టెలో నీరు నింపి, అడుగున కదిలే పట్టా మీద కుక్కను నడిపిస్తారు. నీరు వెనుక చీలమండ దాకా ఉంటే కుక్క తన బరువులో సుమారు 91 శాతం మోస్తుంది. మోకాటి దాకా వస్తే 85 శాతం. తుంటి దాకా వస్తే 38 శాతం మాత్రమే. బరువు తగ్గుతుంది, నీటి ఒత్తిడి వలన కండరానికి పని మాత్రం పెరుగుతుంది. ఈ సదుపాయం లేని చోట దానికి బదులుగా కుక్కను సముద్రంలో దింపడం తగదు. మన తీరంలో కెరటాల లాగుడు బలమైనది. బీచ్‌లో నడిపించాలనుకుంటే తడిసి గట్టిపడిన ఇసుక మీద నడిపించండి. కాలు కూరుకుపోయే పొడి ఇసుక బాగున్న కుక్కకే శ్రమ. దెబ్బతిన్న స్నాయువుకు అది హాని.

ఏ వ్యాయామమైనా బరువు తగ్గించకుండా ఫలించదు. లాబ్రడార్ కుక్కల మీద అమెరికాలో జీవితకాలం పాటు సాగించిన ఒక పరిశీలన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఒకే ఈతలోని పిల్లలను జతలుగా విడదీసి, 48 కుక్కలలో సగానికి తక్కిన సగం కంటె 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు 1.8 సంవత్సరాలు ఎక్కువ కాలం బతికాయి, వాటికి కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చింది. మన ఇళ్లలో కుక్క తన తిండితో తృప్తి పడినా మనం తృప్తి పడము. తాతగారి పళ్లెంలోని నేతి ముద్ద, అమ్మ కలిపిన పెరుగన్నం, పిల్లల బిస్కెట్లు, ఒక్కొక్కరూ ఒక్కొక్క ముద్ద అనుకొంటారు. నెలకోసారి బరువు తూయించి గోడ క్యాలెండరు మీద రాస్తే ఆ ముద్దలన్నీ ఎక్కడికి పోతున్నాయో తెలుస్తుంది. పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా వేళ్లకు తగలాలి.

నేల గురించి ఒక మాట. నగరపు ఫ్లాట్లలోని నున్నని టైల్సు కీళ్లనొప్పి ఉన్న కుక్కకు పెద్ద శత్రువు. ప్రతి అడుగూ జారుతుందేమోనన్న భయంతో అది కండరాలు బిగించి నడుస్తుంది. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, గుమ్మం దాకా కొబ్బరి పీచు పట్టాలో, పాత యోగా చాపలో పరిచి చూడండి. ఈ ఒక్క మార్పుతోనే కొన్ని కుక్కలు ఆ సాయంత్రానికే ధైర్యంగా తిరుగుతాయి.

వెనుక కాళ్లు పూర్తిగా పడిపోయిన కుక్క సంరక్షణ బరువైన పనే. నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే ఎముకల మీద చర్మం పుండు పడుతుంది. మూత్రాశయం దానంతట అది ఖాళీ కాకపోతే చేతితో నొక్కి తీయడం డాక్టరు వద్ద నేర్చుకోవాలి. నడుము కింద తువ్వాలు పట్టి నిలబెట్టాలి. ఇది ఒక్కరి వలన కాదు. ఉద్యోగాలకు పోయే ఇంట్లో వంతులు వేసుకోవాలి. కొన్ని కుక్కలు వారాలకు, కొన్ని నెలలకు మళ్లీ నడుస్తాయి. నడవనివి కూడా చక్రాల బండి కట్టుకొని తిరుగుతాయి. మూడు కాళ్లతో ట్రాఫిక్ దాటే వీధి కుక్కలను చూసిన చెన్నైవాసులకు కుక్క ఎంతకు సర్దుకోగలదో వేరే చెప్పనక్కరలేదు. నొప్పి ఏ మందుకూ లొంగని దశలో డాక్టరు మరొక నిర్ణయం సూచించవచ్చు. ఆ నిర్ణయం కుక్క నొప్పిని చూసి చేయాలి, మన తీరికను చూసి కాదు.

ఎక్కడికి వెళ్లాలి, ఏమి చెప్పాలి

వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల 1903లో ఆరంభమైనది. నేడు అది 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య, పశు విజ్ఞాన విశ్వవిద్యాలయంలో భాగం. దాని బోధనాసుపత్రిలో చిన్న జంతువులకు అవుట్‌పేషెంట్ చికిత్స లభిస్తుంది. ఉదయం పెందలాడే చేరుకోవడం మంచిది. గాయపడిన వీధి కుక్కల కోసం, కెప్టెన్ వి. సుందరం 1959లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు నగరంలో పనిచేస్తున్నాయి. పెంపుడు కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు తీసుకోవాలి. దానికి రేబిస్ టీకా పత్రం కావాలి. ఆ పత్రాన్ని డాక్టరు వద్దకు వెళ్లేటప్పుడు కూడా వెంట ఉంచుకోండి. తడబడే కుక్కను చూడగానే ఏ డాక్టరైనా మొదట అడిగేది అదే.

కొత్తగా ఈ నగరానికి వచ్చిన తెలుగువారికి ఆసుపత్రి వరుసలో కొన్ని తమిళ మాటలు అక్కరకు వస్తాయి. కుంటుతున్నది అనడానికి ‘నొండుదు’ అంటారు. ముందు కాలు ‘మున్నంగాల్’, వెనుక కాలు ‘పిన్నంగాల్’. నొప్పి ‘వలి’, వాపు ‘వీక్కం’, కీలు ‘మూట్టు’, పిడుదు ‘ఉణ్ణి’, టీకా ‘తడుప్పూసి’. ఎడమను ‘ఇడదు’ అని, కుడిని ‘వలదు’ అని అంటారు. ఈ చివరి మాట దగ్గర కాస్త జాగ్రత్త: సహాయకుడు ‘వలదా?’ అని అడిగితే కుడి కాలా అని అడుగుతున్నాడు, వద్దా అని కాదు. ‘ఎత్తనై నాళా?’ అంటే ఎన్ని రోజులుగా అని. దీనికి జవాబు మాత్రం ఇంటి నుంచే సిద్ధం చేసుకొని వెళ్లాలి. కుంటు మొదట కనిపించిన తేదీ, ఉదయం ఎక్కువా సాయంత్రం ఎక్కువా, నడిచే కొద్దీ తగ్గుతున్నదా పెరుగుతున్నదా, ఇప్పటి దాకా ఇచ్చిన మందుల పేర్లు, ఇవి ఒక కాగితం మీద, నడక వీడియోలు ఫోనులో ఉండాలి. వ్యాయామం మొదలైన తరువాత రెండు వారాలకోసారి అదే నేల మీద, అదే వేళకు మళ్లీ వీడియో తీసి, పాతదానితో పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.